వైరు బిగించిన రాత్రి

పళ్ల క్లిప్పుల నొప్పి మూడు రోజుల ముచ్చటే. దాన్ని సరిగ్గా దాటించలేకపోతే రెండేళ్ల చికిత్స, పదుల వేల ఖర్చు గాలికి పోతాయి

ఉక్కును వంచడం ఆదిత్యపూర్‌కు రోజువారీ పని. ఖర్కాయ్ నదికి ఇవతల, జార్ఖండ్‌లోని సరాయ్‌కేలా-ఖర్సావాన్ జిల్లా పరిధిలోకి వచ్చే ఈ పారిశ్రామిక వాడలో వెయ్యికి పైగా చిన్నాపెద్దా యూనిట్లున్నాయి. వాటిలో చాలావాటికి అన్నం పెట్టేది నది అవతల జంషెడ్‌పూర్‌లో తయారయ్యే టాటా లారీలే. లోహాన్ని కోయడం, వంచడం, సాగదీయడం ఇక్కడి ఫిట్టర్లకు, టర్నర్లకు కొట్టినపిండి. కానీ అదే ఫిట్టర్ ఇంట్లో పన్నెండేళ్ల కూతురి నోట్లో 0.35 మిల్లీమీటర్ల సన్నటి తీగ చేసే గొడవ ముందు ఆ విద్యలేవీ పనికిరావు.

గొడవ మొదలయ్యే వేళ కూడా దాదాపు ముందే తెలుసు. సాయంత్రం ఆరింటికి వంతెన దాటి బిష్టుపూర్‌లోనో సాక్చీలోనో డాక్టర్ దగ్గర వైరు మార్పించుకున్న పిల్ల మామూలుగానే ఇంటికొస్తుంది. బిగింపు తప్ప నొప్పి ఉండదు. రాత్రి పదింటికి, తండ్రి రెండో షిఫ్టు ముగించుకుని వచ్చే వేళకు, చపాతీ కంచంలోనే ఉంటుంది. మర్నాడు నొప్పి పతాకస్థాయికి చేరుతుంది. మూడో రోజుకు తగ్గుముఖం పడుతుంది. వారం తిరిగేసరికి దాని ఊసే ఉండదు. నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ అపాయింట్‌మెంట్, మళ్లీ అదే వరస.

ఈ క్రమం ఆదిత్యపూర్‌కే ప్రత్యేకం కాదు. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో క్లిప్పులు వేయించుకున్న ప్రతి పది మందిలో ఏడుగురి నుంచి తొమ్మిది మందికి పైగా నొప్పి ఉందన్నారు. క్లిప్పులు పెట్టించుకోవడానికి వెనకాడేవారు చెప్పే కారణాల్లోనూ, సగంలో వదిలేసేవారు చెప్పే కారణాల్లోనూ నొప్పిది ముందువరసే. అసలు నష్టం అక్కడే ఉంది. సగం జరిగిన పళ్లు ఉన్నచోట ఉండవు, వెనక్కి జరుగుతాయి. నొప్పికి భయపడి బ్రష్ పక్కన పెట్టిన పిల్లలకు క్లిప్పుల చుట్టూ తెల్లటి మచ్చలు, చిగుళ్ల వాపు, చివరికి పిప్పిపళ్లు వస్తాయి. ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోవు కాబట్టి భారమంతా జీతం మీదే.

ఎముకలో మరమ్మతు

ఇంతకీ నొప్పి ఎందుకు? పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక మెత్తటి పొర ఉంటుంది. పంటిని ఎముకకు కట్టి ఉంచే నారపోగులు, సన్నటి రక్తనాళాలు, నరాలు అన్నీ అందులోనే. వైరు పంటిని ఒక పక్కకు నెట్టగానే ఆ పక్క పొర నలిగి రక్తప్రసరణ తగ్గుతుంది. అవతలి పక్క సాగుతుంది. నలిగిన చోట ప్రోస్టాగ్లాండిన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. ఎముకను కరిగించే కణాలను రప్పించేవీ, నరాలను రెచ్చగొట్టేవీ ఇవే. ఒక పక్క ఎముక కరుగుతుంది, రెండో పక్క కొత్త ఎముక పోసుకుంటుంది. పన్ను జరగడమంటే ఇదే. వేగం నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు.

అంటే నొప్పీ, కదలికా ఒకే ప్రక్రియ నుంచి పుట్టిన కవలలు. అలాగని నొప్పి ఎక్కువైతే పన్ను తొందరగా జరుగుతుందనుకోవడం పొరపాటు. బలం శ్రుతిమించితే ఆ పొరలోని కణాలు చచ్చిపోయి పన్ను ఉన్నచోటే మొరాయిస్తుంది. సన్నటి రక్తనాళాల్లోని ఒత్తిడిని, అంటే చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాములను, మించని బలమే మేలని ఎ.ఎం. ష్వార్జ్ 1932లోనే ప్రతిపాదించారు. ‘‘ఇంకొంచెం గట్టిగా బిగించండి, త్వరగా అయిపోతుంది’’ అని డాక్టర్‌ను తొందరపెట్టే తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన అంకె ఇది.

తక్కువ బలాన్ని ఎక్కువ కాలం నిలకడగా అందించే తీగ కోసం జరిగిన వెతుకులాట ఓ అమెరికన్ నౌకాదళ ప్రయోగశాల దగ్గర తేలింది. నికెల్, టైటానియం కలిపిన ఆ మిశ్రలోహాన్ని అక్కడ విలియం బ్యూలర్ రూపొందించారు. ఆ రెండు లోహాల పేర్లు, ప్రయోగశాల పేరు కలిసి అది ‘నిటినాల్’ అయింది. ఎంత వంచినా పాత ఆకారాన్ని మరచిపోకపోవడం దాని గుణం. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ఆండ్రియాసన్ 1970ల్లో దాన్ని పళ్ల మీదకు తెచ్చారు. అంతకు ముందు రాజ్యమేలిన స్టెయిన్‌లెస్ స్టీలు వైర్లు తొలిదశలో పక్కకు తప్పుకున్నాయి. ఇప్పుడు వాడే కొన్ని నికెల్-టైటానియం వైర్లు నోటి వేడికి బిగుసుకుంటాయి, చల్లదనానికి మెత్తబడతాయి. నొప్పి పుట్టినప్పుడు చల్లటి నీళ్లు గుక్క గుక్కగా తాగితే కాసేపు హాయిగా ఉండటానికి ఇదీ ఒక కారణమే.

మాత్రల లెక్క

నొప్పి రాగానే చేయి వెళ్లేది మందుల దుకాణం వైపు. పెద్దవాళ్లు ఒళ్లు నొప్పులకు వాడే మాత్రనే సగం విరిచి పిల్లలకిచ్చే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది ప్రమాదం. 12 ఏళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఆస్పిరిన్ కూడా పిల్లలకు పనికిరాదు.

మిగిలినవి రెండు: పారాసెటమాల్, ఇబుప్రొఫెన్. క్లిప్పుల నొప్పి మీద వీటిలో ఒకటి గొప్పా, రెండోది తక్కువా అని చెప్పేందుకు ఆధారం లేదని, ఏ మాత్రా వేసుకోకపోవడం కంటే మాత్ర మేలని 2017 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అయితే ఇబుప్రొఫెన్ పనిచేసేది ప్రోస్టాగ్లాండిన్‌ను అడ్డుకోవడం ద్వారా. పన్ను జరగడానికి కావలసింది కూడా అదే. అందుకే రోజుల తరబడి వాడితే పళ్ల కదలిక మందగించవచ్చని జంతువులపై ప్రయోగాలు సూచించాయి. ఒకటి రెండు మోతాదులతో కొంప మునగదు గానీ, పారాసెటమాల్ సరిపోయేచోట దానితోనే సరిపెట్టుకోవడం చాలామంది డాక్టర్ల పద్ధతి.

దానికి మరో స్థానిక కారణం కూడా తోడవుతుంది. వానాకాలంలో జంషెడ్‌పూర్ ప్రాంతానికి డెంగీ కొత్త కాదు. క్లిప్పుల నొప్పితో పాటు జ్వరం కూడా ఉంటే ఇబుప్రొఫెన్ జోలికి పోకూడదు. డెంగీలో రక్తస్రావం ముప్పును అది పెంచుతుంది. పైగా క్లిప్పులు బిగించడం వల్ల జ్వరం రాదు. వచ్చిందంటే కారణం వేరే ఉన్నట్టే.

పారాసెటమాల్ మోతాదును తూచేది పిల్లల బరువుతో. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా. ముప్పై కిలోల పిల్లకు ఒక విడతకు 300 నుంచి 450 మిల్లీగ్రాములన్నమాట. కాలేయ సమస్యలున్నవారు, వేరే మందులు వాడుతున్నవారు డాక్టర్‌ను అడిగాకే వేసుకోవాలి. ఒకటి రెండు రోజులకు మించి మాత్ర అవసరం పడిందంటే మందుల దుకాణానికి కాదు, డాక్టర్‌కే ఫోన్ చేయాలి. లవంగ నూనె రాయడం తెలుగిళ్లలోనూ, బిహారీ ఇళ్లలోనూ కనిపించే చిట్కా. నొప్పి ఉన్నది వేరు చుట్టూ ఉన్న పొరలో కాబట్టి పైన రాసిన నూనె అక్కడికి చేరదు. ఎక్కువైతే చిగురు మండుతుంది.

నమిలితే తగ్గుతుందా?

నొప్పి పుడుతుంటే నమలమనడం వింతగా తోస్తుంది. కానీ బ్రిటన్‌లో 11 నుంచి 17 ఏళ్ల వయసున్న 1,000 మంది మీద జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చక్కెర లేని చూయింగ్ గమ్ ఇచ్చిన వర్గం ఇబుప్రొఫెన్‌ను తక్కువగా వాడింది. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. క్లిప్పులు ఊడిపోవడమూ పెరగలేదు. నమిలినప్పుడు పళ్లు అతి స్వల్పంగా కదిలి, నలిగిన పొరలోకి మళ్లీ రక్తం ప్రవహిస్తుందన్నది దీనికి చెప్పే వివరణ. బబుల్ గమ్‌కు, చక్కెర ఉన్న గమ్‌కు ఈ అనుమతి లేదు.

అంతకన్నా ఆసక్తికరమైనది 2005లో వెలువడిన అమెరికన్ అధ్యయనం. క్లిప్పులు పెట్టించుకున్న తర్వాత ఫోన్ చేసి పలకరించిన వారిలో నొప్పి, ఆందోళన రెండూ తగ్గాయి. విచిత్రమేమిటంటే, ఫోన్‌లో జాగ్రత్తలు చెప్పినా, ఊరికే వచ్చినందుకు థాంక్స్ చెప్పినా ఫలితం ఒక్కటే. ఎవరో పట్టించుకుంటున్నారన్న భావన కూడా మందే. రోగులతో కిటకిటలాడే క్లినిక్‌లకు ఒక్క పైసా ఖర్చు లేని చికిత్స ఇది. షిఫ్టులో ఉన్న తండ్రి టీ విరామంలో ఇంటికి చేసే ఫోన్‌కూ ఇదే సూత్రం వర్తించకపోదు.

మరోవైపు, నొప్పి లేదని చెప్పి ఎక్కువ ధరకు అమ్మే సరుకు విషయంలో జాగ్రత్త అవసరం. సెల్ఫ్ లైగేటింగ్ రకం క్లిప్పులతో నొప్పి తగ్గుతుందన్న ప్రచారాన్ని అధ్యయనాలు బలపరచలేదు. కంపనాలిచ్చే పరికరాల పరిస్థితీ అంతే. పారదర్శక అలైనర్లతో తొలి రోజుల్లో నొప్పి కొంత తక్కువే గానీ ఖర్చు ఎక్కువ, అన్ని రకాల వంకరలకూ అవి సరిపోవు.

ఠేకువాకు సెలవు

ఉక్కు కర్మాగారం తొలినాళ్ల నుంచి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు జంషెడ్‌పూర్ చేరుతూ వచ్చాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తు. ఇలాంటి ఇళ్ల పిల్లలకు రెండు వంటిళ్ల రుచులూ అలవాటే. క్లిప్పులకు రెండింటిలోనూ శత్రువులున్నారు. ఇటు జంతికలు, చేగోడీలు, వేరుశనగ ఉండలు. అటు ఛఠ్ పండుగకు చేసే గట్టి ఠేకువా, ప్రసాదంగా పంచే చెరకు ముక్క, సంక్రాంతి తిల్‌కుట్. నొప్పి తగ్గాక కూడా క్లిప్పులున్నన్నాళ్లూ వీటికి దూరమే. ఠేకువా కొరికితే క్లిప్పు ఊడుతుంది. ఊడితే మళ్లీ అతికించాలి, చికిత్స గడువు పెరుగుతుంది, ఒక నొప్పి రాత్రి అదనంగా వచ్చి చేరుతుంది.

అదృష్టవశాత్తు మిత్రులూ రెండు వంటిళ్లలోనూ ఉన్నారు. ముద్దపప్పు, నెయ్యి కలిపి మెత్తగా పిసికిన అన్నం, పెరుగన్నం, ఇడ్లీ, పాలలో నానిన రొట్టె ఇటు నుంచి. ఖిచిడీ, పలుచగా కలిపిన సత్తు, చోఖా అటు నుంచి. లిట్టీని మాత్రం పక్కన పెట్టి చోఖా ఒక్కటే తినాలి. తొలి రెండు రోజులు ఆవకాయ మానేయడం మంచిది. నొప్పిని అది పెంచదు గానీ, క్లిప్పు ఒరుసుకుని పుండైన బుగ్గను ఊరుకోనివ్వదు.

వీటన్నిటికంటే ముందు చేయగలిగింది ఒకటుంది. అపాయింట్‌మెంట్ తేదీని పరీక్షల క్యాలెండర్ పక్కన పెట్టి చూసుకోవడం. నొప్పి ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గుతుందో దాదాపు తెలుసు కాబట్టి బోర్డు పరీక్షకు ముందు రోజు వైరు మార్పించుకోవలసిన పనిలేదు. చాలామంది డాక్టర్లు వారం ముందుకో వెనక్కో జరపడానికి అభ్యంతరం చెప్పరు. అడగాలంతే.

ఎర్రగా కాల్చిన ఇనుము సమ్మెట దెబ్బకు వంగుతుందని ఆదిత్యపూర్‌లో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎముక అలా వంగదు. నెలకో మిల్లీమీటరు చొప్పున కరిగి, మళ్లీ పోసుకుంటుంది. ఆ మిల్లీమీటరుకు అయ్యే ఖర్చు మూడు రోజుల నొప్పి. అది వస్తుందని, పోతుందని ముందే తెలిసిన పిల్ల మర్నాడు బడికి వెళ్తుంది. తెలియని పిల్ల క్లిప్పులు తీసేయమని ఏడుస్తుంది.

ఆ మూడు రోజులు

• మొదటి రాత్రి: మెత్తటి భోజనం, చల్లటి నీళ్లు. నొప్పి ముదరకముందే, డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్ర. ఖాళీ కడుపున ఇబుప్రొఫెన్ వద్దు.

• బుగ్గ ఒరుసుకుంటే: క్లిప్పును పొడిగా తుడిచి, బఠాణీ గింజంత ఆర్థోడాంటిక్ మైనం అద్దాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించాలి.

• బ్రష్ మానొద్దు: మెత్తటి బ్రష్‌తో, నెమ్మదిగా, రోజుకు రెండుసార్లు తప్పనిసరి.

• వైరు కొస గుచ్చుకుంటే: మైనం పెట్టి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఇంట్లో కటింగ్ ప్లయర్‌తో కత్తిరించే సాహసం వద్దు. తెగిన ముక్క గొంతులోకి జారొచ్చు.

• ఆగకూడని సందర్భాలు: వారం దాటినా తగ్గని నొప్పి, ఒకే పంటి దగ్గర పోటు, ముఖం వాపు, చీము, జ్వరం, బాగా వదులైన పన్ను. ఊడిన ముక్క మింగాక దగ్గు, ఆయాసం వస్తే నేరుగా ఆస్పత్రికే.