పరాయి ఊరి పూటకూళ్లు

ఉద్యోగానికి ఆర్నెల్లో ఏడాదో విరామం ఇచ్చి దేశాలు తిరిగి రావడం తెలుగు ఇళ్లలో ఇప్పుడు వింతేమీ కాదు. అయితే అలా బయల్దేరేవాళ్లు పెట్టె సర్దేది మాత్రం వారం రోజుల టూరుకు సర్దినట్టే. ఆవకాయ సీసా, కందిపొడి, ఉప్మా ప్యాకెట్లు పెట్టుకుంటారు. ఫోనులో రెండు జాబితాలుంటాయి: ఆ ఊళ్లోని ఇండియన్ రెస్టారెంట్లు ఒకటి, అక్కడికి వెళ్తే తిని తీరాల్సిన పది ప్రసిద్ధ హోటళ్లు ఇంకొకటి. నెలల తరబడి ఉండే మనిషికి ఈ రెండూ పనికిరావని నా వాదన. బస చేసిన వీధిలో, ఆ వీధివాళ్లు తినే మామూలు కొట్టులో, అదీ మళ్లీ మళ్లీ అదే కొట్టులో తినాలి. వెనకటి రోజుల్లో బాటసారి ఏ ఊరు చేరినా పూటకూళ్ల ఇంట్లో ఆ ఊరి వంటే తినేవాడు. అప్పుడు గత్యంతరం లేక చేసిన పనిని ఇప్పుడు కోరి చేయమంటున్నాను.

ఇందుకు వియత్నాంను మించిన ఉదాహరణ లేదు. 2023 ఆగస్టు 15 నుంచి ఆ దేశం ఈ-వీసా గడువును 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచింది కాబట్టి, ఉద్యోగ విరామంలో ఉన్నవాళ్లకు అది అచ్చంగా సరిపోయే చోటు. అక్కడి వీధి కొట్లు చాలావాటిలో ఒక్కటే వంటకం దొరుకుతుంది. తెల్లవారుజామున ఫో, అంటే ఎముకల రసంలో బియ్యపు సేమ్యా. హనోయ్‌లో మధ్యాహ్నానికి బున్ చా, అంటే బొగ్గుల మీద కాల్చిన పంది మాంసంతో బియ్యపు సేమ్యా. గుండిగ ఖాళీ అయితే కొట్టు కట్టేస్తారు. అన్నం కావాలంటే 'కమ్ బిన్ జన్' కొట్లున్నాయి. ఆ పేరుకు సామాన్యుల అన్నం అని అర్థం. పళ్లేలలో పరిచిన కూరల్లో కావలసినవి వేలితో చూపిస్తే అన్నం మీద వడ్డిస్తారు. మన కర్రీ పాయింటుకు బల్లలు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దక్షిణాన హోచిమిన్ నగరానికి గుర్తుగా నిలిచిన వంటకం 'కమ్ తమ్', అంటే నూకలన్నం. మిల్లులో విరిగిపోయిన గింజ ఒకప్పుడు పేదల తిండి, ఇవాళ అందరి పళ్లెంలోనూ ఉంది. నూకల జావ తాగి పెరిగిన పెద్దలున్న తెలుగు ఇళ్లకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇదంతా ఒక్కసారి తింటే తెలియదు. మొదటిసారి తెలిసేది రుచి మాత్రమే. హనోయ్‌లో ఫో రసం తేటగా, ఆకులు తక్కువగా ఉంటుంది. దక్షిణాన కాస్త తీపి తగులుతుంది, పక్కన పళ్లెం నిండా పచ్చి ఆకులూ మొలకలూ పెడతారు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోతూ ఈ వంటను వెంట తీసుకెళ్లారు. కొత్త నేల తన ఆకులూ తన తీపీ దానికి చేర్చింది. రెండు చోట్లా పదేసి పూటలు తిన్నవాడి నాలుకకు ఆ చరిత్ర అందుతుంది. పది ప్రసిద్ధ చోట్లలో ఒక్కో పూట తిన్నవాడికి ఫొటోలు మిగులుతాయి.

విరామంలో ఉన్న మనిషికి ఇందులో ఇంకో మేలుంది. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక ఆకారం ఇస్తుంది: ఫలానా వేళకు టిఫిను, ఫలానా వేళకు భోజనం, పలకరించే నాలుగు ముఖాలు. అది పోయాక నెల తిరిగేసరికి ఏ రోజు ఏ వారమో గుర్తుండదు. పదిన్నరకల్లా గుండిగ ఖాళీ అయ్యే కొట్టు ఉంటే పొద్దున్నే లేచి తీరాలి. నాలుగో రోజుకు కొట్టామె ముఖం గుర్తుపడుతుంది, పదో రోజుకు అడక్కుండానే గిన్నె ముందు పెడుతుంది. భాష రాని ఊళ్లో ఇంతకన్నా గట్టి పరిచయం ఎక్కడ దొరుకుతుంది? డబ్బు సంగతి తేలికే. సాధారణంగా ఇండియన్ రెస్టారెంటులో ఒక పూట ఖర్చు వీధి కొట్టులో రెండు మూడు పూటలకు సరిపోతుంది. జీతం రాని నెలల్లో ఈ లెక్క చిన్నది కాదు.

శుభ్రత మాటేమిటని అడిగేవాళ్లను తేలిగ్గా తీసేయకూడదు. 2023 సెప్టెంబరులో హొయి అన్ పట్టణంలో ప్రపంచ ప్రసిద్ధమైన ఒక కొట్టులో బాన్ మీ అనే రొట్టె తిని, విదేశీ పర్యాటకులతో సహా వందమందికి పైగా జబ్బుపడ్డారు. 2024 మే మొదట్లో డాంగ్ నాయ్ ప్రావిన్సులో అదే రకం రొట్టె తిని ఐదొందల మందికి పైగా జబ్బుపడ్డారు. ఈ రెండూ నా వాదనకు అడ్డుపడవు, దాన్ని సరిదిద్దుతాయి. మొదటిది ఎక్కడా పేరు వినపడని కొట్టు కాదు, అందరి జాబితాలోనూ ఉన్నది. పేరు చూసి నమ్మకూడదు, వంట తీరు చూసి నమ్మాలి. బాన్ మీ రొట్టెలో కాలేయపు ముద్ద, పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్, ముందే వండి ఉంచిన మాంసం ఉంటాయి. ఎండలో గంటల తరబడి ఉంటే అవి పాడవుతాయి. ఫో రసం సలసల మరుగుతూ గిన్నెలో పడుతుంది. బాన్ సేవ్ అనే పసుపు కలిపిన బియ్యప్పిండి అట్టు కళ్ల ముందే చుయ్యిమంటుంది. వేడి మీద దిగేది, జనం తోసుకుంటూ తినేది, ఒక్క వంటకమే చేసేది: ఈ మూడూ కలిసిన కొట్టు నమ్మదగ్గది. పచ్చి ఆకులు మొదటి వారం పక్కన పెట్టినా తప్పులేదు. పల్లీ పడనివాళ్లు మాత్రం నిజంగా జాగ్రత్తపడాలి, అక్కడ వేయించిన పల్లీలు చాలా వంటల మీద చల్లుతారు.

శాకాహారుల అభ్యంతరం ఇంతకంటే బరువైనది. తూటికూర వెల్లుల్లి వేపుడు చూడ్డానికి మన ఆకుకూరే, కానీ అందులో చేపల ఊట పడి ఉండవచ్చు. అయినా బౌద్ధం వల్ల ఆ దేశానికి గట్టి శాకాహార సంప్రదాయముంది. చాంద్రమాసంలో మొదటి రోజునా పౌర్ణమి నాడూ ఎంతోమంది మాంసం మానేస్తారు. 'చాయ్' అని బోర్డుపై రాసి ఉండే కొట్లు ఆ రోజుల్లో కిటకిటలాడతాయి. అక్కడ ఆ మాటకు టీ కాదు, శాకాహారమని అర్థం. 'తోయ్ అన్ చాయ్' అంటే 'నేను శాకాహారం తింటాను' అని. గొడ్డు మాంసం తిననివాళ్లు 'బో' అన్న మాటను, పంది మాంసం తిననివాళ్లు దక్షిణాన 'హేవ్', ఉత్తరాన 'లన్' అన్న మాటలను గుర్తుపెట్టుకోవాలి. 'గా' అంటే కోడి, 'కా' అంటే చేప. నియమం ఉన్నవాళ్లు దాన్ని సడలించుకోవాలని నేననను. నియమం ఉన్నంతమాత్రాన ఊరి వంటకు దూరం కానక్కర్లేదంటున్నాను.

వీధి కొట్టులో పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నంత మాత్రాన ఆ ఊరివాడివి అయిపోతావా అనేవాళ్లూ ఉన్నారు. అయిపోము, నిజమే. తిరుగు టికెట్టు జేబులో ఉన్నవాడికీ, ఆ గుండిగ మీదే పిల్లల ఫీజులు కట్టే కొట్టామెకూ పోలిక లేదు. కానీ ఊరివాడివి కమ్మని ఎవరూ అడగలేదు. మంచి అతిథి అయితే చాలు: ఉన్నది తినడం, రద్దీ వేళ బల్ల ఖాళీ చేయడం, ధర దగ్గర గీచి గీచి బేరమాడకపోవడం, మళ్లీ రావడం. వీటిలో మళ్లీ రావడమొక్కటే వారం టూరిస్టు చేతిలో లేనిది, విరామంలో ఉన్నవాళ్ల చేతిలో ఉన్నది.

పెట్టెలో ఆవకాయ సీసా ఉండనివ్వండి, జ్వరమొచ్చిన రోజుకు పనికొస్తుంది. 90 రోజుల వీసాకు రోజుకు మూడు చొప్పున 270 పూటలు. వాటిలో ముప్పై పూటలైనా ఒకే కొట్టుకు కేటాయించండి.