అద్దె ఇల్లు: చేతికందే ఆదాయం ఎంత, చట్టం ఇచ్చే రక్షణ ఎంత?

పదవీ విరమణ సొమ్ముతోనో బ్యాంకు రుణంతోనో మరో ఇల్లు కొని అద్దెకిచ్చే మధ్యతరగతి కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. నెలనెలా నిశ్చింతగా ఆదాయం వస్తుందన్నది వారి ఆశ. ఆ ఆశ ఫలించడం కొనే ముందు వేసుకునే లెక్కపైన, అద్దెకిచ్చే ముందు రాసుకునే ఒప్పందంపైన ఆధారపడి ఉంటుంది.

నికరంగా మిగిలేదెంత?

ఉదాహరణకు 80 లక్షల రూపాయల ఫ్లాటుకు నెలకు 20 వేల రూపాయల అద్దె వస్తోందనుకుందాం. ఏడాదికి 2 లక్షల 40 వేలు, అంటే పెట్టుబడిపై 3 శాతం. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే 20 వేలు తగ్గుతాయి. ఆస్తి పన్నుకు, రంగులకు, మరమ్మతులకు మరో 40 వేలు పోతే మిగిలేది లక్షా 80 వేలు. రాబడి 2.25 శాతానికి దిగుతుంది. గృహ రుణంపై చెల్లించే వడ్డీ ఇంతకంటే చాలా ఎక్కువ. ఆ లోటును ఇంటి ధర పెరుగుదలే పూడ్చాలి. అది పెరుగుతుందన్న హామీ లేదు.

పన్ను ఎలా లెక్కిస్తారు?

యజమాని చెల్లించిన ఆస్తి పన్నును అద్దె ఆదాయం నుంచి మినహాయిస్తారు. మిగిలిన మొత్తంలో 30 శాతం ప్రామాణిక మినహాయింపు లభిస్తుంది. మరమ్మతులకు ఎంత ఖర్చయినా విడిగా మినహాయింపు ఉండదు. రుణంపై వడ్డీని కూడా తీసివేయవచ్చు. అయితే వడ్డీ వల్ల నష్టం తేలితే, దానిని జీతం వంటి ఇతర ఆదాయంతో సర్దుబాటు చేసుకునే వీలు కొత్త పన్ను విధానంలో లేదు.

నెలకు 50 వేల రూపాయలకు మించి అద్దె చెల్లించే వ్యక్తులు 2 శాతం పన్నును మూలంలోనే మినహాయించాలి. యజమాని ప్రవాస భారతీయుడైతే ఆ 50 వేల పరిమితి వర్తించదు, పన్ను రేటు కూడా 30 శాతం, దానిపై సెస్సు. విదేశాల్లో స్థిరపడి హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో ఇళ్లు అద్దెకిచ్చిన తెలుగువారు, వారి అద్దెదారులు ఈ నిబంధనను గమనించాలి.

పదకొండు నెలల ఒప్పందం సరిపోతుందా?

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలల ఒప్పందాల ఆనవాయితీ అందుకే ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ గడువుతో నిమిత్తం లేకుండా స్థిరాస్తి లీజులన్నింటినీ రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది. కనుక తెలుగు రాష్ట్రాల్లో నోటరీ చేయించిన స్టాంపు కాగితంపైనే ఆధారపడితే, వివాదం వచ్చినప్పుడు ఒప్పందంలోని షరతులను కోర్టులో నిరూపించుకోవడం కష్టమవుతుంది.

ఖాళీ చేయకపోతే ఏం చేయాలి?

తాళం వేయడం, నీరు, విద్యుత్తు నిలిపివేయడం యజమానికే చిక్కులు తెస్తాయి. లిఖితపూర్వక నోటీసు ఇచ్చి, న్యాయస్థానాన్ని ఆశ్రయించడమే మార్గం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. గడువు తీరినా ఖాళీ చేయని వారు తొలి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతల అద్దె చెల్లించాలని ప్రతిపాదించింది. రాష్ట్రాలు తమ చట్టాలను ఆ మేరకు మార్చుకున్నప్పుడే ఇవి అమలులోకి వస్తాయి.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు సొంతమవుతుందా?

యజమానులను ఎక్కువగా భయపెట్టే ప్రశ్న ఇదే. కాలపరిమితి చట్టంలోని పన్నెండేళ్ల నిబంధన యజమాని హక్కును ధిక్కరిస్తూ సాగే స్వాధీనానికి సంబంధించినది. అద్దెదారు ఉండేది యజమాని అనుమతితో. కేవలం ఏళ్లు గడిచినంత మాత్రాన అతనికి యాజమాన్య హక్కు రాదు. అయితే అది అద్దె సంబంధమేనని నిరూపించే ఆధారాలు యజమాని వద్ద ఉండాలి. అందువల్ల అద్దెను బ్యాంకు ఖాతా ద్వారానే స్వీకరించడం, రసీదులను భద్రపరచడం, ఒప్పందాన్ని గడువు తీరకముందే పునరుద్ధరించుకోవడం అవసరం.