ఆ ముక్క జాగ్రత్త

రొమ్ములో గడ్డ తగిలి, ముక్క తీసి పరీక్షకు పంపాక ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే: క్యాన్సరా, కాదా? అవునని తేలితే ఎన్నో స్టేజీ అంటారు. అది ఏ రకం గడ్డ అని అడిగేవాళ్లు తక్కువ. మందు ఏదో తేల్చేది, జబ్బు ఎలా నడుస్తుందో చాలావరకు చెప్పేది ఆ రకమే.

ఈఆర్ (ఈస్ట్రోజెన్ గ్రాహకం), పీఆర్ (ప్రొజెస్టెరాన్ గ్రాహకం), హెర్2 అనే ప్రొటీన్ గడ్డలో ఉన్నాయా అని చూసే మూడు పరీక్షలు దాన్ని చెబుతాయి. ఈఆర్ ఉన్న గడ్డ ఈస్ట్రోజెన్ హార్మోన్ అండతో పెరుగుతుంది. టమాక్సిఫెన్ మాత్ర ఆ అండ లేకుండా చేస్తుంది. రోజుకొకటి చొప్పున కనీసం ఐదేళ్లు వాడాలి; ఖరీదు పెద్దగా ఉండదు. ఈ రకం పదేళ్ల తర్వాతా తిరగబెట్టవచ్చు కనుక, బాగానే ఉన్నాం కదా అని మాత్ర మానేయడం ప్రమాదం. హెర్2 ఎక్కువగా ఉన్న గడ్డ దూకుడుగా పెరుగుతుందని 1987లో డెన్నిస్ స్లామన్ బృందం చూపించింది. 1998లో అమెరికాలో హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అనుమతి వచ్చాక ఆ రోగుల తలరాతే మారింది. మూడూ లేనిది ట్రిపుల్ నెగెటివ్. ఈ రకం మన దేశంలో పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువ. తిరగబెడితే మొదటి మూడు నాలుగేళ్లలోనే ఎక్కువగా తిరగబెడుతుంది.

క్షయకు కళ్లె పరీక్ష ఎంత ముఖ్యమో ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని ఎరిగిన మదనపల్లె వాళ్లకు చెప్పక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్‌కు ఈ ముక్క అంత ముఖ్యం. దాన్ని తీసిన గంటలోపే ఫార్మలిన్ అనే ద్రవంలో వేయాలి. ముక్కకు పదింతల ద్రవం ఉండాలి. పెద్ద గడ్డైతే గాట్లు పెట్టి వేయాలి, లేకపోతే ద్రవం ఇంకేలోపే నడిమి భాగం చెడిపోతుంది. ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలి. సెలైన్ సీసాలో వేసి ఊళ్లు తిప్పితే, ఉన్న ఈఆర్ కూడా లేనట్టే కనిపించవచ్చు. అప్పుడు ఆ చవక మాత్ర అందాల్సిన మనిషికి అందకుండా పోతుంది. నా దృష్టిలో ఇంతకన్నా అన్యాయమైన నష్టం లేదు.

పుంగనూరులోనో కుప్పంలోనో ఉండేవాళ్లకు వైద్యం ఒక్కచోటే ముగియకపోవచ్చు. ఆపరేషన్ ఒక ఊళ్లో, కీమో తిరుపతి స్విమ్స్‌లోనో వేలూరు సీఎంసీలోనో బెంగళూరు కిద్వాయ్‌లోనో. ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టుతో పాటు మైనంలో భద్రపరచిన ముక్కను, అంటే బ్లాకును, స్లైడ్లనూ అడిగి తీసుకెళ్లండి. బ్లాకు ఏళ్ల తరబడి పనికొస్తుంది. అనుమానం వస్తే మళ్లీ పరీక్షించవచ్చు. రిపోర్టులో హెర్2 దగ్గర 2+ అని ఉంటే ఇంకా తేలలేదని అర్థం. ఫిష్ అనే జన్యు పరీక్ష చేయించాలా అని డాక్టరును తప్పక అడగండి.