టర్బో బండి – దాని పోషణము

మోటారు బండి సంగతి మగవారిదనియు, అందు కూర్చుండుట మాత్రమే స్త్రీల వంతనియు పలు గృహములలో నొక తలంపు నాటుకొనియున్నది. ఇది సరికాదని మా యభిప్రాయము. బండికై వెచ్చించు ధనము ఇంటి ధనమే. దానికై అప్పు చేసినచో, ఆ యప్పు తీఱువఱకు పొదుపు చేయవలసినది ఇల్లాలే. వెనుక సీటులో నిదురించు బిడ్డలు ఆమె బిడ్డలే. కావున ఇంటికి వచ్చు బండి యెట్టిదో, అది యేమి కోరునో, దేనిచే చెడునో గృహిణి యెఱిగియుండుట యెంతయు నవసరము.

ఈ మాసము మేము జపాను దేశమున పుట్టిన యొక తెగ బండ్లను గూర్చి వ్రాయ నెంచితిమి. అవి టర్బో అమర్చిన స్టేషను వ్యాగనులు. మన దేశపు వీధులలో నివి అరుదు. జపానులోను, అచ్చటినుండి పాత బండ్లను విరివిగా దిగుమతి చేసికొను న్యూజిలాండులోను తఱచుగా కానవచ్చును. అచ్చట కాపురముండు తెలుగు కుటుంబములకు బండి వెదకునపుడు ఇట్టిది ఎదురగుట వింత కాదు. చూచుటకు నెమ్మదియైన సంసారపు బండి. లోపల నున్నది పందెపు గుఱ్ఱము. పాతదగుటచే ధరయు తక్కువగా నుండవచ్చును. ఆ చవుక నిజముగా చవుకయేనా యనునదే విచారింపదగిన ప్రశ్న.

స్టేషను వ్యాగను అనగా పైకప్పు వెనుకవఱకు సాగి, వెనుక పెద్ద తలుపుతో సామానుల చోటు గల కారు. పెట్టెలు, పసిబిడ్డ తోపుడుబండి, నెలకు సరిపడు బియ్యపు మూట అన్నియు అందిముడును. ఎత్తు తక్కువ గనుక వయసు మీఱిన అత్తగారు కూడ సులభముగా ఎక్కి దిగవచ్చును. ఈ సదుపాయములచేతనే జపాను కుటుంబములు దీనిని మెచ్చినవి.

ఈ తెగలో పేరొందినది సుబారు వారి లెగసీ. జపాను భాషలో సుబారు అనగా కృత్తికా నక్షత్రములు. మన పురాణములలో కుమారస్వామికి పాలిచ్చి పెంచిన ఆర్గురు తల్లులు ఆ కృత్తికలే గదా! బండి ముందుభాగమున నుండు గుర్తులో నొక పెద్ద నక్షత్రమును, ఐదు చిన్న నక్షత్రములును గలవు. ఐదు సంస్థలు కూడి 1953లో ఫ్యూజీ హెవీ ఇండస్ట్రీసు అను నొక సంస్థ యేర్పడుటకు అది చిహ్నము. 1917లో చికుహేయి నకజిమ స్థాపించిన విమాన నిర్మాణ సంస్థ దీనికి మూలము. 2017లో సంస్థ తన పేరునే సుబారు అని మార్చుకొన్నది.

లెగసీ 1989లో వెలువడినది. ఆ సంవత్సరము జనవరిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున టర్బో లెగసీ కారు నొకదానిని 1,00,000 కిలోమీటర్లు నడిపి చూచిరి. సగటున గంటకు 223 కిలోమీటర్ల వేగముతో అది 447 గంటలలో ఆ దూరమును ముగించి అప్పటికి ప్రపంచములో మేటి యనిపించుకొన్నది. అది వ్యాగను కాకపోయినను, అదే తెగ. 1993లో వచ్చిన రెండవ తరపు వ్యాగనులో రెండు టర్బోలు నిలిపిరి. 1996లో కేవలము 2 లీటర్ల ఇంజనునుండి 280 అశ్వబలము రాబట్టిరి. 2003లో వచ్చిన నాల్గవ తరములో మరల ఒకే టర్బో. 2014లో జపానునందు లెగసీ వ్యాగను అమ్మకము ముగిసి, దాని స్థానమున లెవోర్గ్ అను బండి వచ్చినది. కావున ఇప్పుడు దొరకు లెగసీ టర్బో వ్యాగను ఏదైనను పాతబండియే. స్వభావముచే అది దుర్బలము కాదు. ఆ బలమును కాపాడు తీరు తెలియనివారి చేతిలోనే అది దుర్బలమగుచున్నది.

టర్బో యననేమో తెలిసికొన్నచో తక్కిన విషయములు వాటంతట నవియే బోధపడును. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో, ఇంజనుకు టర్బో అట్టిది. తిత్తి గాలిని ఊదినచో నిప్పు రగులును. టర్బోయు ఇంజనులోనికి గాలిని దట్టించి పంపును. గాలి హెచ్చినకొలది పెట్రోలు హెచ్చుగా మండి బలము పెరుగును. ఈ తిత్తిని ఆడించునది ఇంజను విడుచు పొగయే. వృథాగా పోవలసిన వేడి పొగ యొక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసునకు రెండవ కొనయందున్న చక్రము గాలిని లోనికి నెట్టును. ఆ చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగలదు. దానిని త్రిప్పు పొగ వేడి 800 డిగ్రీలను దాటగలదు. అంత వేగముతో, అంత వేడిలో తిరుగు ఇరుసును కాపాడునది యేది? పలుచని నూనె పొర యొక్కటియే. ఈ బండి యజమానురాలు మఱువరాని మాట యిదియే.

కావున మొదటి విధి నూనెను చూచుట. దీపములో నూనె అడుగంటినపుడు వత్తి కాలును. టర్బోలో నూనె కొఱవడినపుడు ఇరుసు కాలును. ఈ ఇంజనులు కొన్ని కొంచెము కొంచెముగా నూనెను తినును. అది బయటకు కాఱదు గనుక నేలపై మఱక కనబడదు. పదునైదు దినముల కొకసారి, బండి సమతలమున నిలిచి చల్లాఱియున్నపుడు, కొలపుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూడవలెను. పై గీతకును క్రింది గీతకును నడుమ నూనె యుండవలెను. దీనికి రెండు నిమిషములు చాలును. పనివాని యక్కఱ లేదు. ఇంజను నూనెను దాదాపు 5,000 కిలోమీటర్ల కొకసారి గాని, ఆఱు మాసముల కొకసారి గాని, ఏది ముందు వచ్చిన దానినిబట్టి మార్చుట మంచిది. బండితో వచ్చిన పుస్తకము అంతకంటె తక్కువ గడువు చెప్పినచో దానినే పాటింపవలెను. నూనెయందు పొదుపు చేసినవారు ఇంజనునందు దానికి పదిరెట్లు చెల్లింతురు.

రెండవది, బయలుదేఱునపుడును ఆగునపుడును ఓర్పు. ప్రాతఃకాలమున నూనె చిక్కగా నుండును. బడి వేళ మించుచున్నదని ఆ క్షణముననే బండిని ఉఱికింపరాదు. మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా పోనిచ్చి ఇంజను వేడెక్కిన పిదప బలము నడుగవలెను. అట్లే కొండదారి యెక్కి గాని, చాలసేపు వేగముగా నడిపి గాని వచ్చినపుడు వెంటనే ఇంజను నాపరాదు. ఆపినచో నూనె ప్రవాహము నిలిచి, కాగిన ఇరుసునొద్ద నున్న నూనె మాడి బొగ్గువలె గట్టిపడును. ఇంజను చుట్టు తిరుగు నీరు టర్బోకును అందించుటచే ఈ భయము తగ్గినది గాని, తొలగలేదు. చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపినను, ఇంటి ముందు ఒక నిమిషము ఇంజనును ఊరక ఆడనిచ్చినను చాలును.

మూడవది పెట్రోలు. దట్టించిన గాలితో మండు ఇంజనునకు నాసి పెట్రోలు పోసినచో అది వేళకు ముందే భగ్గుమని మండి లోపలి ముషలకములను దెబ్బతీయును. జపానులో ఈ బండ్లకు హెచ్చు ఆక్టేను గల మేలి పెట్రోలునే నిర్ణయించియున్నారు. బండి కొనకముందే ఆ పెట్రోలు ధరతో నెలసరి ఖర్చు కట్టి చూచుకొనవలెను. ఆ ఖర్చు భరింపరానిదైనచో, టర్బో లేని లెగసీ తీసికొనుట వివేకము; దాని సదుపాయములు అవియే.

నాల్గవది టైమింగు బెల్టు. ఆ తరముల ఇంజనులోని కవాటములను వేళకు తెఱచి మూయించునది యొక రబ్బరు పట్టీ. అది తెగినచో కవాటములును ముషలకములును ఢీకొని వంగిపోవును. బాగుచేయుటకు బండి వెలయంత కావచ్చును. జపానులో దీనికి 1,00,000 కిలోమీటర్ల గడువు చెప్పుదురు. తక్కువగా నడిచిన బండియైనను రబ్బరు ఏండ్ల తరబడి యెండి బీటలు వాఱును. పట్టీ మార్చునపుడే దానిని బిగించు కప్పీలను, నీటి పంపును కూడ మార్పించుట మేలు. వాటికై మరల విప్పించినచో కూలి రెండుసార్లు పడును.

అయిదవది టైర్లు. ఈ బండి నాలుగు చక్రములకును బలము నిచ్చును. మంచు కురిసిన దారిలో బిడ్డలతో పోవునపుడు దాని విలువ తెలియును. కాని నాలుగు టైర్లును ఇంచుమించు ఒకే తీరున అరిగియుండవలెను. చుట్టుకొలతలో అంగుళమున నాల్గవ వంతు కంటె భేదము మించినచో, ముందు వెనుక చక్రములకు బలము పంచు యంత్రము ఎడతెగక పెనుగులాడి చెడును. ఒక్క టైరు పాడైనపుడు ఒక్కటియే కొత్తది వేయించు మన యలవాటు ఇచ్చట పనికిరాదు. టైర్లను వంతులవారీగా స్థలములు మార్పించుచు, నాల్గింటిని ఒకేసారి కొనుట దీని ధర్మము.

జపానులో ప్రతి కారును ప్రభుత్వము నిర్ణయించిన పరీక్షకు పంపవలెను. క్రొత్త కారుకు మొదటి పరీక్ష మూడేండ్లకు, ఆపై రెండేండ్ల కొకసారి. దీనిని షాకెన్ అందురు. పదుమూడేండ్లు దాటిన పెట్రోలు కారుకు పన్నును పెంచుదురు. ఈ ఖర్చులకు వెఱచి అచ్చటివారు మంచి స్థితిలోనున్న కార్లను సైతము వదలుకొందురు. అవి ఓడ లెక్కి యితర దేశములకు పోవును. అందుచే అట్లు వచ్చిన బండి యంతయు చెడ్డదని తలంపరాదు. అంతయు మంచిదనియు నమ్మరాదు.

మఱి పాతబండిని చూచునపుడు మన వారేమి యడుగవలెను? మొట్టమొదట దాని మరమ్మతుల పుస్తకము. పెండ్లి సంబంధమునకు జాతకమెట్లో, టర్బో బండికి ఈ పుస్తక మట్లు. నూనె యెప్పుడెప్పుడు మార్చిరో, పట్టీ యేనాడు వేసిరో అందుండవలెను. పుస్తకము జపాను లిపిలో నున్నచో తేదీలును కిలోమీటర్ల అంకెలును చదివి చూడవచ్చును. తక్కినది తెలిసినవారిచే చదివించుకొనవలెను. రెండవది, చల్లని ఇంజనును తమ యెదుట ఆడింపుమని కోరవలెను. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన లోపములను దాచును. గొట్టమునుండి నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నదని గుర్తు. మూడవది, యువకుల చేతిలో మార్పులకు లోనైన బండిని విడిచిపెట్టవలెను. గాలి యొత్తిడి పెంచి, గొట్టములు మార్చి, చప్పుడు హెచ్చించిన బండి సంసారమునకు తగదు. రెండు టర్బోల బండిలో సన్నని రబ్బరు గొట్టముల యల్లిక మిక్కిలి జటిలము; అందు ఒకటి చీలినను బలము తఱుగును. కుటుంబమునకు ఒకే టర్బో గలదియే సుఖము. తుదకు, ఆ బండితో సంబంధము లేని పనివానికి కూలి యిచ్చి చూపించుకొనవలెను. ఆ కూలి దండుగ కాదు.

బిడ్డల మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఆఱేండ్లలోపు బిడ్డలకు తగిన పీఠము అమర్చి కట్టవలెనని జపానులో 2000 ఏప్రిల్ నుండి శాసనము కలదు. శాసనము లేని చోటనైనను ఇది తల్లి మనసు చేయు శాసనము. వ్యాగనులో సామానుల చోటు వెనుక సీటుతో కలిసియుండును గనుక, బరువైన పెట్టెలను త్రాళ్లతో కట్టక వదలినచో, బండిని గట్టిగా ఆపినపుడు అవి ముందునకు దూకి బిడ్డలపై పడగలవు. ఇంజను వేడిగా నున్నపుడు నీటిమూతను ఎవ్వరిని విప్పనీయరాదు. సలసలకాగు నీరు ఎగజిమ్మి మొగమును కాల్చును.

ఇట్టి బండి యెవరికి తగును? దూరప్రయాణములు చేయువారికి, కొండదారులును మంచుదారులును దాటవలసినవారికి, ఈ యింజను నెఱిగిన పనివాడు దగ్గరనున్నవారికి తగును. సామానులతోను అయిదుగురు మనుష్యులతోను నిండియున్నను ఏటవాలు దారిని అలుపు లేక యెక్కును. ఎదుటి లారీని దాటునపుడు తడబడదు. ఆ బలము భయము తీర్చునదే. కాని వీధి చివరి యంగడికిని, బడికిని మాత్రమే తిరుగువారికి తగదు. ఇంజను వేడెక్కకముందే ఆపివేయుట దానికి నిత్యము విషము పోయుటయే. అప్పుచేసి కొని, ఆపై పోషణకు పైసా మిగులని వారికి అసలే తగదు.

కొనదలచినవారు వెలను మాత్రమే లెక్కింపక, మేలి పెట్రోలు, నూనె, నాలుగు టైర్లు, పట్టీ అను నాల్గింటి ఖర్చును సంవత్సరమునకు కట్టి, దానిని పన్నెండుచే భాగించి, ఆ మొత్తమును ప్రతి మాసము వేఱు డబ్బాలో వేయవలెను. ఇంటి జమాఖర్చుల పుస్తకమున బండి కొక పుట కేటాయించి, నూనె చూచిన తేదీయు, కిలోమీటర్లును వ్రాయవలెను. ఊరగాయ జాడీకి తడి తగులకుండ ఏడాది పొడవున కాపాడు చేతులకు ఇది యేపాటి పని! ఈ బండ్లు తమ వేగముచే చెడుట తక్కువ. ఎవరో చూతురులే యను నిర్లక్ష్యముచే చెడుటయే యెక్కువ. ఆ చూచువారు తామేయని ఇల్లాలు పూనుకొన్న యింట కృత్తికల గుర్తు గల బండి ఆ తల్లులవలెనే పిల్లలను పదికాలములు మోయగలదు.