వెనుకకుఁ బాఱు తోట

తెరపై మనుష్యుఁడు నిలిచినచోటనే యుండఁగా, వాని వెనుకనున్న లోకము మాత్రము దూరముగాఁ బాఱిపోవుచున్నట్లు కొన్ని చలనచిత్రములలోఁ గన్పట్టును. దీని కిటుకును మేము మన నగరమందలి కొబ్బరితోటలో నడచి తెలిసికొంటిమి.

10 గజముల దూరమున నొక చెట్టును, 100 గజముల దూరమున వేఱొక చెట్టును ఎన్నుకొని, 5 గజములు ముందునకు నడచితిమి. దగ్గఱి చెట్టు రెట్టింపుగాఁ గన్పట్టెను. దూరపుది యించుమించు 20వ వంతు మాత్రమే పెరిగెను. చిత్రకారులు కెమెరా నుంచిన ట్రాలీని పట్టాలపై నిట్లే ముందునకుఁ ద్రోయుచు, అదే సమయమున దృశ్యమంతయు సగము ప్రమాణమునకుఁ గుదియునట్లు జూమ్ కటకమును ద్రిప్పుదురు. అంత దగ్గఱి చెట్టు మొదటి యెత్తుననే నిలుచును, దూరపుది సగమగును. కటకమును మాత్రమే త్రిప్పినచో రెండును సమముగానే తగ్గును గనుక నీ మాయ పుట్టదు. త్రోయువాఁడును త్రిప్పువాఁడును ఒక్క తాళమున పనిచేయవలెను. ఒకఁడు తడఁబడెనా, ముందున్న మనుష్యుఁడు ఉబ్బుటయో చిక్కుటయో తటస్థించును!

1958లో వెలువడిన 'వెర్టిగో' చిత్రమున హిచ్‌కాక్, ఎత్తునుండి క్రిందికిఁ జూచువానికిఁ గన్నులు తిరుగుటను ట్రాలీని, జూమ్‌ను ఇట్లు జతపఱచియే చూపెను. కెమెరాను మెట్లపైకిఁ జేర్చుట మిక్కిలి వ్యయమని, మెట్ల నమూనా నొకదానిని జేయించి, నేలపైఁ బ్రక్కకుఁ బరుండఁబెట్టి చిత్రించిరి. కొబ్బరిచెట్టు సగమెక్కి క్రిందికిఁ జూచి వణఁకిన మాకు, ఆ మెట్లు పరుండియున్నవని తోఁచనే లేదు.