సుబ్బారావు గారిని ఏ అక్షరం కింద వెతకాలి?

పావగడ తాలూకా నుంచి వచ్చి ప్రజారోగ్యంలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని ఈమధ్య ఒక దరఖాస్తు తెచ్చి చూపించింది. అందులో ‘మీ హెచ్-ఇండెక్స్ ఎంత?’ అని ఒక గడి ఉంది. “ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ప్రయోగశాలలో ఇంగ్లీషు. ఈ అంకె ఏ భాషదో తెలియలేదు సార్” అంది. భాషాశాస్త్రం చదివినవాడికి ఇందులో పనేమిటని మీరు అనుకోవచ్చు. ఈ లెక్కంతా పేర్ల మీద నడుస్తుంది కనుక కొంత పని ఉంది.

ఒక పరిశోధన పత్రాన్ని తరువాతి పత్రాలు ఎన్నిసార్లు పేర్కొన్నాయో లెక్కించడమే ఉల్లేఖన గణన. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ఈ ఆలోచనను ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువరించాడు. హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు చెప్పినది. ఒకరి అయిదు పత్రాలకు వరుసగా 40, 12, 5, 4, 1 ఉల్లేఖనాలు ఉన్నాయనుకోండి. కనీసం నాలుగేసి ఉల్లేఖనాలు ఉన్న పత్రాలు నాలుగు కాబట్టి సూచిక 4. మొదటి పత్రానికి 40 బదులు 4000 వచ్చినా అది 4 దగ్గరే నిలుస్తుంది.

ఇక్కడ నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తారు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరిన ఆయన 1925లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. రక్తంలోనో మూత్రంలోనో ఉన్న ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉల్లేఖితమైన పత్రాలలో అదొకటి. అయితే అచ్చులో వచ్చిన ఆ పాత ఉల్లేఖన సూచికలు మొదటి రచయిత పేరు కిందనే వరుస కట్టేవి. అంటే ఆ వేల ఉల్లేఖనాలు ఫిస్క్ కింద చేరాయి. సుబ్బారావు కింద వెతికినవాడికి అవి దొరకవు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన తయారైన అమినోప్టెరిన్‌తో రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగిందని ఫార్బర్ బృందం 1948లో రాసిన పత్రానికి ఆయన రచయిత కూడా కాదు. ఏ గడిలో రాయాలి దీన్ని?

పేరు సంగతి ఇంకా చిక్కు. యల్లాప్రగడ ఇంటిపేరు, సుబ్బారావు సొంత పేరు. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటే వంశనామం కనుక ఆయన ‘ఎస్’ కింద పడ్డారు. అదీ ఒక్క తీరుగా లేదు: ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట రెండు ముక్కలుగా, చివర ‘రో’ అనిపించే స్పెల్లింగుతో. పావగడ వాళ్లకు ఈ బాధ రెట్టింపు. తెలుగు అలవాటులో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం, కన్నడ అలవాటులో ఊరిదీ తండ్రిదీ. బడి రికార్డులో ఒకటి, పత్రికలో మరొకటి అయితే కంప్యూటరు ఆమెను ఇద్దరు మనుషులను చేస్తుంది. ఇద్దరికీ అరకొర సూచికలే. (ఒక సూచికలో నేనూ ఇద్దరినే. అందులో ఒకడు నాకంటే ఘనుడు.) 2012లో మొదలైన ఆర్కిడ్ అనే పదహారు అక్షరాల గుర్తింపు సంఖ్య ఈ చిక్కు కోసమే వచ్చింది. మొదటి పత్రానికి ముందే దాన్ని తీసుకోండి, ఒకే స్పెల్లింగు వాడండి.

ఆమె విషయం ఫ్లోరైడు. పావగడ బోరు నీళ్లలో అది ఎక్కువని అక్కడి పళ్లే చెబుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో షార్ట్ బృందం మొదట వర్ణించింది నాటి మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు పల్లెల్లోనే, 1937లో, భారతీయ వైద్య పరిశోధన పత్రికలో. మోకాళ్లు లోపలికి వంగిపోయే రూపాన్ని హైదరాబాదు పోషకాహార సంస్థవారు 1973లో లాన్సెట్‌లో రాశారు. కాని ఏ ఊరి బోరు మూసేయాలో చెప్పే నీటి పరీక్షల నివేదికలు కన్నడంలో ఉంటాయి. అంతర్జాతీయ సూచికలకు అవి పత్రాలే కావు.

ఆ గడిలో 2 అని రాయమన్నాను, అది నిజం కనుక. ఏ సూచికలో ఏ తేదీన చూసిన అంకె అదో పక్కనే రాయమన్నాను. సూచిక మారితే అంకె మారుతుంది. వెనకాల ఒక కాగితం జతచేసి, తను ఏ ఊళ్లలో ఎన్ని బోర్లు పరీక్షించిందో, ఆ ఫలితాలు చూసి ఏ పంచాయతీ ఏం చేసిందో రాయమన్నాను. ఆమె రెండు రాత్రులు కూర్చుని రాసింది. కాగితం ఒకటి కాదు, మూడయ్యాయి.