డిస్క్ ఎర్రర్ వస్తే డిస్క్ పోయినట్టేనా? నా పీసీ నేర్పిన పాఠం

పీసీ ఆన్ చేయగానే విండోస్ బదులు "డ్రైవ్ స్కాన్ చేసి రిపేర్ చేస్తున్నాం" అనే మెసేజ్ వస్తే ఎలా ఉంటుందో సొంతంగా బిల్డ్ చేసుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నాకు వరుసగా నాలుగు రోజులు వచ్చింది. మధ్యమధ్యలో బ్లూ స్క్రీన్ బోనస్.

మేం ఉండేది హైదర్‌గూడలో. అత్తాపూర్ వైపుది కాదు, నారాయణగూడ పక్కనున్నది. నా రూమ్మేట్ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు. పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే మళ్లీ రాత్రికే రూముకి. రెండేళ్లుగా తన నోట్స్, అశోక్‌నగర్ ఫ్రెండ్స్ దగ్గర అడిగి తెచ్చిన నోట్స్ అన్నీ స్కాన్ చేసి నా 2 టీబీ హార్డ్‌డిస్క్‌లో దాచుకున్నాడు. మొత్తం 214 పీడీఎఫ్‌లు. "నా పీసీలో ఉంటే సేఫ్ రా" అన్నది నేనే. బ్యాకప్ మాత్రం లేదు.

"ఏమైతదిరా నా నోట్స్?" అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు.

పీసీ సంగతి

రైజెన్ 5 3600, బీ450 బోర్డు, విండోస్ కోసం 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, డేటాకి ఆ హార్డ్‌డిస్క్. మొదట 8 జీబీ ర్యామ్ ఒకటే ఉండేది. రెండు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 8 జీబీ స్టిక్ కొని పెట్టాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేనైతే మర్చిపోయాను.

అడిగినవాళ్లంతా ఒకటే మాట: "హార్డ్‌డిస్క్ పోయింది, కొత్తది తీసుకో." సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి కొత్తది తెచ్చేద్దామనే అనుకున్నా. ఈలోపు చెక్‌డిస్క్ రన్ చేసి చూద్దామని కమాండ్ టైప్ చేసి, ఎంటర్ కొట్టబోయి ఆగాను. రిపేర్ ఆప్షన్‌తో రన్ చేస్తే చెక్‌డిస్క్ డిస్క్‌ని చదివి ఊరుకోదు, తప్పు అనిపించినవాటిని మార్చి రాస్తుంది. అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండా రిపేర్ చేస్తే ఉన్న ఫైళ్లు కూడా పోవచ్చు.

ముందు డేటా

పీసీ ఆఫ్ చేసి హార్డ్‌డిస్క్ బయటికి తీశాను. యూఎస్‌బీ-సాటా అడాప్టర్‌తో రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కి కలిపాను. ఇక్కడ ఒక జాగ్రత్త: 3.5 అంగుళాల డిస్క్‌కి యూఎస్‌బీ పవర్ సరిపోదు, విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్నదే తీసుకోవాలి. నోట్స్ మొత్తం ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, ఒక్కో పీడీఎఫ్ తెరిచి చూశాం. 11 ఫైళ్లు తెరుచుకోలేదు. తేదీలు చూస్తే అన్నీ గత రెండు నెలల్లో సేవ్ చేసినవే!

అదే ల్యాప్‌టాప్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో డిస్క్ స్మార్ట్ డేటా చూశాను. పాడైన సెక్టార్ల గురించి చెప్పే 05, సీ5, సీ6 మూడూ సున్నా. అంటే డిస్క్ ఉపరితలం బాగానే ఉన్నట్టుంది. సీ7లో మాత్రం 37 ఉంది. అది సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క. డిస్క్‌కీ బోర్డుకీ మధ్య డేటా దెబ్బతింటే పెరుగుతుంది, చాలాసార్లు కారణం కేబులే. కేస్ తెరిచి చూస్తే సాటా కేబుల్ గ్రాఫిక్స్ కార్డు కింద నలిగి ఉంది. కొత్త కేబుల్ వేశాను. ఈ నంబర్ మళ్లీ సున్నా అవ్వదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఆగింది.

కానీ బ్లూ స్క్రీన్లు ఆగలేదు.

అసలు దొంగ

బ్లూ స్క్రీన్ మీద ప్రతిసారీ వేరే పేరు. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి ఎన్‌టీఎఫ్‌ఎస్. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపించింది. దాన్ని చూసి పవర్ సప్లై మార్చేయకండి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు.

అప్పుడు ఎస్‌ఎస్‌డీలో ఉన్న 20 జీబీ గేమ్ ఫైల్‌కి సర్ట్‌యుటిల్ కమాండ్‌తో మూడుసార్లు హ్యాష్ తీశాను. ఫైల్ మారకపోతే హ్యాష్ కూడా మారకూడదు. మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది. రెండు డిస్క్‌ల మీదా గొడవే అంటే, రెండింటికీ కామన్‌గా ఉన్నదేంటి? ర్యామ్.

పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 బూట్ చేశాను. మొదటి పాస్‌లోనే ఎర్రర్లు. ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి, 3200 నుంచి 2666కి దించాను. ఎర్రర్లు తగ్గాయి కానీ పోలేదు. ఒక్కో స్టిక్ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి టెస్ట్ చేశాను. పాతది నాలుగు పాస్‌లూ క్లీన్. సెకండ్ హ్యాండ్‌ది ఫెయిల్.

డిస్క్‌లోకి వెళ్లే ప్రతి ఫైలూ ముందు ర్యామ్‌లోంచే వెళ్లాలి. అక్కడ ఒక్క బిట్ తిరగబడినా డిస్క్ ఆ తప్పునే నమ్మకంగా రాసుకుంటుంది. ఇది అరుదేం కాదు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన ఒక స్టడీలో, ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్లలో ఎర్రర్లు కనిపించాయి. సర్వర్లలో వాటిని సరిదిద్దే ఈసీసీ ఉంటుంది, మన ఇంటి పీసీల్లో మామూలుగా ఉండదు.

ఆ స్టిక్ తీసేశాక చెక్‌డిస్క్ రన్ చేశాను. ఆ తర్వాత మూడు వారాలుగా ఒక్క బ్లూ స్క్రీన్ లేదు. కొత్త హార్డ్‌డిస్క్ డబ్బులు మిగిలాయి. అదే కొని ఉంటే దాన్ని కూడా ఈ ర్యామే పాడుచేసేది.

మీకూ ఇలా వస్తే ఈ ఆర్డర్ పాటించండి: డిస్క్‌ని వేరే మెషీన్‌లో పెట్టి బ్యాకప్, తర్వాత స్మార్ట్ డేటా, కేబుల్, ర్యామ్ టెస్ట్. చెక్‌డిస్క్ చివర్లోనే. సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొంటే మొదటి రాత్రే మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి.

తెరుచుకోని 11 పీడీఎఫ్‌లలో ఏడు మళ్లీ స్కాన్ చేశాం, నోట్‌బుక్స్ వాడి దగ్గరే ఉన్నాయి. మిగతా నాలుగు ఎవరో ఫ్రెండ్‌వి. ఆయన రూమ్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయాడు. ఆ నాలుగు టాపిక్స్ మావాడు మళ్లీ లైబ్రరీలో కూర్చుని రాసుకుంటున్నాడు. రాత్రి రాగానే స్కాన్ చేసి, రెండు చోట్ల సేవ్ చేసే డ్యూటీ ఇప్పుడు నాది.